తెలుగులో జనవిజ్ఞాన రచన

శాస్త్రజ్ఞులు కనిపెట్టిన సంగతులను శాస్త్రం చదవనివారికి అర్థమయ్యే మాటల్లో చెప్పే రచనకు తెలుగులో స్థిరమైన పేరు ఒకటంటూ లేదు. జనరంజక విజ్ఞానం అన్నారు, పాపులర్ సైన్సు అన్నారు, జన విజ్ఞానం అన్నారు. పేరు మారినప్పుడల్లా ఉద్దేశమూ కొంత జరిగింది. రంజకం అన్నవారు చదువరిని కూర్చోబెట్టి అలరించాలనుకున్నారు. జన విజ్ఞానం అన్నవారు పుస్తకం చంకన పెట్టుకుని ఊళ్ళోకి బయల్దేరారు. ఈ వ్యాసం రెండు దారులనూ జనవిజ్ఞాన రచన అన్న మాటతోనే చెబుతుంది.

ఈ రచన చేయవలసిన పనులు రెండు. ఫలానా సంగతి ఇలా ఉంది అని చెప్పడం మొదటిది, ఇలా ఉందని ఎలా తెలిసింది అన్నది చెప్పడం రెండోది. మొదటి పని సులువు, పైగా అబ్బురంగా ఉంటుంది. అందుకే తెలుగు పత్రికల్లో అదే ఎక్కువ: ఇంత దూరాన నక్షత్రం, ఇంత చిన్న కణం, ఇంత పెద్ద డైనోసారు. రెండో పని చేయకుండా మొదటిదాన్నే ఎంత బాగా చేసినా చదువరి పురాణం చెప్పేవారి మాట బదులు శాస్త్రవేత్త మాట నమ్మడం నేర్చుకుంటాడు. నమ్మే అలవాటు మాత్రం అలాగే ఉంటుంది. తెలుగులో ఈ రచన చరిత్రను ఈ కొలతతో చూస్తే పేరున్న పుస్తకాలన్నీ ఒక ఎత్తున నిలవవు.

తొలినాళ్ళు

కందుకూరి వీరేశలింగం 1874లో రాజమహేంద్రవరం నుంచి 'వివేకవర్ధని' పత్రిక మొదలుపెట్టారు. ఆయన జ్యోతిశ్శాస్త్ర సంగ్రహం లాంటి పాఠ్యప్రాయమైన పుస్తకాలు రాసినా, శాస్త్రబుద్ధిని జనంలోకి ఎక్కువగా మోసుకెళ్ళింది ఆయన నవల. 'రాజశేఖర చరిత్రము'లో ఒక బైరాగి బంగారం చేసి చూపిస్తానని వచ్చి, ఇంట్లో ఉన్న బంగారం పుచ్చుకుని మాయమవుతాడు. స్వర్ణయోగం అబద్ధమని పాత్రల చేత ఉపన్యాసం చెప్పించి ఉంటే అది ఎవరికీ గుర్తుండేది కాదు. రాజశేఖరుడు తెలివితక్కువవాడు కాదు, చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. అలాంటివాడు ఏ మెట్టులో ఏమరుపాటుకు లోనయ్యాడో చదువరి పక్కనే ఉండి చూస్తాడు. మోసం ఎలా జరుగుతుందో చూపడం, మోసపోకండని చెప్పడం కన్నా బలమైన పని అని వీరేశలింగానికి 19వ శతాబ్దంలోనే తెలుసు. తర్వాత వచ్చిన హేతువాద కరపత్రాలు చాలావాటికి తెలియలేదు.

1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు అరిష్టం ముంచుకొస్తుందని జనం బెదిరారు. ఆ ఏడే గురజాడ అప్పారావు 'ముత్యాల సరములు' వెలువడింది. అందులో తోకచుక్క కీడు తెచ్చే శకునం కాదు, ఎప్పుడో ఒకసారి చూడవచ్చే దూరపు చుట్టం. 76 ఏళ్ళకు ఒకసారి వచ్చే ఖగోళ వస్తువును చుట్టరికంలో కలుపుకోవడం కవి చేసిన పనే అయినా, దాని కక్ష్య లెక్క తెలిసినవాడే చేయగల పని. భయపడవద్దని చెప్పడం కన్నా భయపడేదానికి వరస కలిపి పిలవడం తెలుగువాడికి బాగా తెలిసిన ఉపాయం.

పుస్తకాలను ఒక వరుసలో, ఒక పథకం ప్రకారం తెచ్చింది విజ్ఞాన చంద్రికా మండలి. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు, అయ్యదేవర కాళేశ్వరరావు తదితరులు 1906లో హైదరాబాదులో దీన్ని నెలకొల్పారు, కొద్దికాలానికే అది మద్రాసుకు మారింది. చరిత్రలతో పాటు శాస్త్రాలకూ చోటివ్వడం మండలి ప్రత్యేకత. ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రం, వేమూరి విశ్వనాథశర్మ రసాయనశాస్త్రం, మంత్రిప్రగడ సాంబశివరావు పదార్థ విజ్ఞానశాస్త్రం రాశారు. ఇవాళ వాటిని చదివితే గ్రాంథికం కాస్త అడ్డు తగులుతుంది కానీ, ఇంగ్లీషు రాని పెద్దమనిషి రసాయనశాస్త్రం తెలుసుకోవాలనుకుంటే ఆ రోజుల్లో ఆయనకు అదే దిక్కు.

లక్ష్మణరావు అంతటితో ఆగలేదు. 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము' తలపెట్టి, అనేక వ్యాసాలు తానే రాశారు. మూడు సంపుటాలు వెలువడినా అవి 'అ' అక్షరంతో మొదలయ్యే మాటలకే సరిపోయాయి. 1923లో ఆయన కన్నుమూశారు. కాశీనాథుని నాగేశ్వరరావు 1930లలో ఆ పనిని మళ్ళీ ఎత్తుకున్నారు. 'అ'లోనే ఆగిన సర్వస్వం అని నవ్వేవారూ ఉన్నారు. కానీ ఒక్క అక్షరానికి మూడు సంపుటాలు పట్టిందంటే మిగతా అక్షరాలకు ఎంత మిగిలిందో లెక్క తేలింది కదా.

ఈలోగా గిడుగు వెంకట రామమూర్తి వాడుకభాష కోసం పోరాడుతున్నారు. ఆయన వాదాన్ని సాధారణంగా సాహిత్యపు గొడవగా చెప్పుకుంటాం కానీ, కొత్త చదువు జనానికి అందాలంటే జనం మాట్లాడే తెలుగులో ఉండాలన్నది ఆ వాదానికి వెన్నెముక. 'అగుచున్నది', 'ఒనర్చును' అంటూ చెప్పే పుస్తకంలో సూర్యుడైనా గుడిలో దేవుడిలాగే కనిపిస్తాడు. ప్రశ్న వేయాలంటే వేసేవాడి నోటికి అలవాటైన భాష కావాలి.

కథ అని పేరు పెట్టినవారు

వాడుకభాష నిలదొక్కుకున్నాక వచ్చిన తరం ఈ రచనకు కథనం నేర్పింది. కొడవటిగంటి కుటుంబరావు విజయనగరంలో భౌతికశాస్త్రం చదివి, కాశీలో ఎమ్మెస్సీలో చేరి, పూర్తిచేయకుండానే వెనక్కి వచ్చారు. 1952 నుంచి 1980లో మరణించేదాకా 'చందమామ' నడిపిందీ, పెద్దల కోసం సైన్సు వ్యాసాలు రాసిందీ ఈ ఒక్క మనిషే. ఆ రెంటికీ సంబంధం లేదనుకోవడం పొరపాటు. 'చందమామ'లో బేతాళ కథ ప్రతిసారీ ఒక చిక్కుముడితో ఆగుతుంది. రాజు చేసింది సబబేనా, ఎవరి త్యాగం పెద్దది అని బేతాళుడు అడుగుతాడు. విక్రమార్కుడు జవాబుతో పాటు కారణమూ చెప్పాలి. నెలనెలా పిల్లలు ఆ కారణం చదివి ఒప్పుకునేవారు, కొందరు ఒప్పుకోక ఇంట్లో వాదించేవారు. చెప్పినదాన్ని ఆధారంతో సహా తూచే అలవాటు లక్షల ఇళ్ళలో మొదలైంది శవాన్ని భుజాన వేసుకున్న రాజు దగ్గరే.

ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో పనిచేసిన మహీధర నళినీమోహన్ తన పుస్తకాలకు కథ అనే పేరు పెట్టారు: 'కేలండర్ కథ', 'గ్రహణాల కథ', 'పిడుగుదేవర కథ'. కథ అనడంలో చమత్కారం ఒక్కటే లేదు. కథకు మొదలుంటుంది, తప్పటడుగులుంటాయి, ఒకరు కట్టింది ఇంకొకరు కూల్చడం ఉంటుంది. కేలండరు ఆకాశం నుంచి ఊడిపడలేదు, రాజులూ పూజారులూ గణితజ్ఞులూ కలిసి కొట్లాడి చేసుకున్నది అని తెలిసిన చదువరి గోడమీది పంచాంగాన్ని మునుపటిలా చూడలేడు.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో సంక్రాంతి మీద చూద్దాం. జనవరి 14న లేదా 15న ఉత్తరాయణ పుణ్యకాలం వస్తుందని పంచాంగం చెబుతుంది. సూర్యుడు ఉత్తరం వైపు మళ్ళడం మాత్రం డిసెంబరు 21, 22 తేదీల్లోనే మొదలవుతుంది. నమ్మకం లేకపోతే వాకిట్లో ఒక కర్ర నిలువుగా పాతి రోజూ మిట్టమధ్యాహ్నం నీడ కొలవవచ్చు. డిసెంబరు ఆఖరు వారం నుంచే అది పొట్టిబడుతుంది. మరి పంచాంగం అబద్ధమా? కాదు. అది సూర్యుణ్ణి నక్షత్రాల మధ్య చోటును బట్టి కొలుస్తుంది. భూమి ఇరుసు బొంగరంలా చాలా నెమ్మదిగా ఊగడం వల్ల ఆ రెండు లెక్కల మధ్య సుమారు 72 ఏళ్ళకు ఒక రోజు తేడా పడుతుంది. ఇరవైనాలుగు రోజుల తేడా పేరుకోవడానికి దాదాపు 1,700 ఏళ్ళు పట్టింది. అంటే అన్నేళ్ళ కిందట సంక్రాంతీ, నిజమైన ఉత్తరాయణమూ ఒకే రోజు వచ్చేవి. దీనికి సాక్ష్యం కావాలంటే వివేకానందుడి పుట్టినరోజు ఉంది. 1863లో ఆయన మకర సంక్రాంతి నాడు పుట్టారు, ఆ రోజు జనవరి 12. అప్పటి నుంచి ఇరుసు ఊగడం వల్ల పండుగ సుమారు రెండు రోజులు ముందుకు జరిగింది. ఇందులో పంచాంగాన్ని ఎగతాళి చేయడం గానీ, వెనకేసుకురావడం గానీ లేదు. కర్ర ఉంది, నీడ ఉంది, లెక్క ఉంది. సంక్రాంతి నాడు అరిసెలు తినడానికీ అడ్డేమీ లేదు.

పత్రికా సంపాదకుడు నండూరి రామమోహనరావు విశ్వం గురించి 'విశ్వరూపం', మానవ పరిణామం గురించి 'నరావతారం' రాశారు. మార్క్ ట్వేన్ నవలలను పిల్లల తెలుగులోకి తెచ్చిన చెయ్యి కాబట్టి వాక్యం ఎక్కడా బరువెక్కదు. ఆ పేర్ల గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. పురాణం తెలిసిన చదువరిని చెయ్యిపట్టి లోపలికి తీసుకెళ్ళే పేర్లవి. నండూరి చేతిలో అవి వంతెనలు. ఇతరుల చేతుల్లో అదే పోలిక తిరగబడింది: మత్స్య, కూర్మ, వరాహ అవతారాలే డార్విన్ సిద్ధాంతం కాబట్టి మనవాళ్ళకు ఎప్పుడో తెలుసు అన్నారు. అవతారాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చే వరుస, పరిణామం కొమ్మలు వేసే చెట్టు. చేప తాబేలయి, తాబేలు పంది కాలేదు. నేటి చేపా, నేటి పందీ, మనమూ ఒక్క పాత పూర్వీకుడి సంతానం. పోలిక ఎక్కడిదాకా సరిపోతుందో, ఎక్కడ తెగుతుందో చెప్పడం కూడా రచయిత బాధ్యతే. ఈ తెగే చోటు చెప్పడంలో తెలుగు రచయితలు సాధారణంగా పొదుపరులు.

కుటుంబరావు కుమారుడు రోహిణీప్రసాద్ భాభా అణు పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త, సితార్ వాద్యకారుడు. 'విశ్వాంతరాళం', 'మానవ పరిణామం' వంటి పుస్తకాల్లో ఆయన సైన్సును నేరుగా సమాజం దగ్గరికి తెచ్చారు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో కంప్యూటర్ సైన్సు బోధించిన వేమూరి వేంకటేశ్వరరావు 'జీవరహస్యం', 'రసగంధాయ రసాయనం' రాశారు. భౌతికశాస్త్ర అధ్యాపకుడు వసంతరావు వెంకటరావు గేయాలుగా కూడా రాశారు. పద్యం జ్ఞాపకానికి మంచిదే, వాదానికి అంత మంచిది కాదు. పాడుకున్న సంగతిని ఎవరూ తిరిగి ప్రశ్నించరు.

ఈ వరుసలో తెలుగువారు రాయని పుస్తకాలకూ చోటుంది. మాస్కోలో తెలుగులోకి అనువదించి అచ్చువేసిన సోవియట్ పుస్తకాలు విశాలాంధ్ర పుస్తకాల దుకాణాల్లో చాలా చౌకగా దొరికేవి. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారు అక్కడికి వెళ్ళి అనువాదకులుగా పనిచేశారు. భౌతికశాస్త్రాన్ని వినోదంగా చెప్పిన యాకోవ్ పెరెల్మాన్ 1942లో లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో మరణించినా, ఆయన లెక్కలు తెలుగు జిల్లాల్లో 1980ల దాకా చదివారు. పెరెల్మాన్ చేసే పని ఒకటుంది: అందరికీ నచ్చిన కథ తీసుకుని, దాన్ని పాడుచేయకుండా పరీక్షకు పెడతాడు. వెల్స్ రాసిన అదృశ్య మానవుడు ఎవరికీ కనపడకపోతే అతనికీ ఏమీ కనపడదంటాడు. కంటిలోని పొర వెలుతురును పట్టి ఆపితేనే చూపు, ఆపితే ఆ కన్ను ఇతరులకు కనపడుతుంది. ఈ ఒక్క పేరా చదివినవారికి విఠలాచార్య సినిమాలో మాయమైన కథానాయకుడు తడుముకుంటూ నడవాలని తోచకమానదు. సినిమా మాత్రం ఇంకా ఎక్కువ సరదాగా ఉంటుంది.

మాటల తయారీ

తెలుగులో శాస్త్రం రాసేవారందరికీ ఎదురయ్యే మొదటి గోడ పరిభాష. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటర్మీడియట్, డిగ్రీ పాఠ్యపుస్తకాలు తేవడంతో పాటు పారిభాషిక పదకోశాలు తయారుచేసింది. వాటిలో ఎక్కువ మాటలు సంస్కృతం నుంచి వచ్చాయి. కిరణజన్య సంయోగక్రియ అని బట్టీ పట్టిన విద్యార్థికి ఆ మాటలోనే అర్థమంతా ఉందన్న సంగతి తట్టదు, పరీక్షలో స్పెల్లింగు లాంటి గండం మాత్రం కనిపిస్తుంది. కృష్ణబిలం (బ్లాక్ హోల్) అంటే కృష్ణుడికి ఏదో సంబంధం ఉందనుకున్న పిల్లలు నాకు తెలుసు.

అలాగని అచ్చతెలుగు మాటలన్నీ తేలికా కావు, తత్సమాలన్నీ బరువూ కావు. పాత పుస్తకాల్లో కార్బన్ డయాక్సైడును బొగ్గుపులుసు గాలి అన్నారు. ఇంత మంచి శాస్త్రపదం తెలుగులో మళ్ళీ పుట్టలేదేమో. బొగ్గును మండిస్తే వస్తుంది, నీళ్ళలో కరిగితే పులుపెక్కుతుంది. గోళీసోడా తాగినప్పుడు నాలుక మీద చురుక్కుమనేది అదే. మాట విన్నవాడు ప్రయోగం చేసి చూడవచ్చు. దీనికి భిన్నంగా ఆక్సిజన్‌కు పెట్టిన ఆమ్లజని అన్న మాట ఒక పాత పొరపాటును పదిలంగా దాచుకుంది. ఆమ్లాలన్నిటిలోనూ ఈ వాయువు ఉంటుందనుకుని లవోయిజే దానికి ఆమ్లాన్ని పుట్టించేది అనే అర్థంతో పేరు పెట్టాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అది లేనే లేదని తర్వాత హంఫ్రీ డేవీ తేల్చాడు. పొరపాటు పోయింది, పేరు మిగిలింది, మనం దాన్ని శ్రద్ధగా అనువదించుకున్నాం. ఆక్సిజన్ అని వదిలేస్తే ఈ చరిత్ర కనపడదు. ఆమ్లజని అంటే కనపడుతుంది, చెప్పేవాడుంటే.

వేమూరి వేంకటేశ్వరరావు ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కూర్చి, కంప్యూటరుకు కలనయంత్రం వంటి మాటలు వాడి చూపారు. నిలిచినవి కొన్ని, నిలవనివి ఎన్నో. మాటను జనం చేతుల్లోంచి తీసుకుని సవరించి తిరిగి ఇవ్వడం కుదరదని కంప్యూటరు, సెల్లు, బ్యాటరీ ఎప్పుడో తేల్చేశాయి.

కొత్త మాటల కన్నా కష్టమైనవి పాత మాటలు. వాటిలో ఒక వివరణ ముందే కూర్చుని ఉంటుంది. మశూచికం వస్తే అమ్మవారు పోసింది అన్నాం. జ్వరం వస్తే గాలి సోకింది అన్నాం. పుట్టుకతో పెదవి చీలి ఉంటే గ్రహణం మొర్రి అన్నాం. ఈ చివరి మాట వైద్యుడి నోట కూడా వస్తుంది, ఎందుకంటే రోగి తల్లికి వేరే మాట తెలియదు. గ్రహణం వేళ కడుపుతో ఉన్న స్త్రీ కదిలితే బిడ్డకు మొర్రి వస్తుందన్న నమ్మకం ఆ పేరులోనే ఇమిడి ఉంది. కానీ పిండంలో పైపెదవి రెండు వైపుల నుంచీ వచ్చి కలుసుకునేది గర్భం మొదలైన నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య. ఆ రోజుల్లో చాలామందికి తాము గర్భవతులమన్న సంగతే ఇంకా గట్టిగా తెలియదు. అయిదో నెలలోనో ఏడో నెలలోనో గ్రహణం వచ్చిందని కదలకుండా పడుకోబెట్టేసరికి పెదవి సంగతి ఎప్పుడో తేలిపోయి ఉంటుంది. మూఢనమ్మకమని కోప్పడే వ్యాసం కన్నా ఈ వారాల లెక్క ఎక్కువ పనిచేస్తుందని ఆ లెక్క విన్న అత్తగార్ల ముఖం చూసినవారికి తెలుస్తుంది.

భయం, లెక్క

1979 జూలైలో స్కైలాబ్ పడుతుందన్న వార్త తెలుగు పల్లెలను ఎలా ఊపేసిందో ఇప్పటికీ పెద్దలు చెబుతారు. ఎటూ పోతామని కోళ్ళూ మేకలూ కోసుకుని తిన్నారు, కొందరు ఆస్తులు తెగనమ్ముకున్నారు. 2021లో ఆ జ్ఞాపకం మీద 'స్కైలాబ్' పేరుతో తెలుగు సినిమా కూడా వచ్చింది. 1973లో అమెరికా ఎగరవేసిన సుమారు 77 టన్నుల ఆ అంతరిక్ష కేంద్రం చివరికి జూలై 11న హిందూ మహాసముద్రం మీద, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పెరాన్స్ పరిసరాల్లో ముక్కలై పడింది. ఎవరికీ గాయం కాలేదు.

అప్పట్లో నాసా రెండు లెక్కలు చెప్పింది. భూమి మీద ఎవరో ఒకరికి ముక్క తగిలే అవకాశం 152లో ఒకటి. ఫలానా వ్యక్తికి తగిలే అవకాశం 60,000 కోట్లలో ఒకటి. రెండూ నిజమే, రెండూ ఒకటే లెక్క: అప్పటి ప్రపంచ జనాభా 400 కోట్ల పైచిలుకు, దాన్ని 152తో గుణిస్తే రెండోది వస్తుంది. మొదటిది వింటే గుండె జారుతుంది, రెండోది వింటే నవ్వొస్తుంది. చాటింపులో ఊరికి చేరింది ఏ లెక్కా కాదు, పడుతుంది అన్న ఒక్క మాట. ఎవరి మీద, ఎంత అవకాశంతో అన్న ప్రశ్న వేయడం నేర్పే రచన ఆనాడు ఆ ఊళ్ళకు అందలేదు.

ఏడు నెలల తర్వాత, 1980 ఫిబ్రవరి 16న, సంపూర్ణ సూర్యగ్రహణం ఆంధ్రప్రదేశ్ మీదుగా సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జాపాల్-రంగాపూర్ వేధశాల సరిగ్గా ఆ దారిలో ఉంది, దూరదేశాల నుంచి శాస్త్రవేత్తలు దానికోసం వచ్చారు. అదే సమయానికి ఊళ్ళలో తలుపులు మూసి, నీళ్ళ బిందెల్లో గరిక వేసుకుని కూర్చున్నారు. మనిషి జీవితంలో ఒక్కసారి నడినెత్తి మీదికి వచ్చే దృశ్యం అది. కళ్ళు పాడవుతాయన్న హెచ్చరిక అవసరమే, కానీ నేరుగా చూడవద్దన్నదాన్ని బయటికే రావద్దుగా మార్చేసింది ఆ రోజు చేసిన ప్రచారమూ, పాత భయమూ కలిసి. సూర్యుడు పూర్తిగా మరుగైన ఆ కొద్ది నిమిషాలు మామూలు కంటితో చూడవచ్చన్న సంగతి చాలామందికి ఇప్పటికీ తెలియదు.

1995 సెప్టెంబరు 21న వినాయకుడి విగ్రహాలు పాలు తాగుతున్నాయన్న వార్త దేశమంతా పాకినప్పుడు శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి పట్టారు. తలతన్యత వల్ల చెంచాలోంచి పీల్చినట్లుగా జారిన పాలు విగ్రహం ఒంటి మీదుగా పల్చటి పొరగా కిందికి పోవడం ఆ రంగు వల్ల కంటికి కనిపించింది. రంగు చుక్క చెప్పినంత తేటగా ఏ వ్యాసమూ చెప్పలేకపోయింది. 2021 మే నెలలో కోవిడ్ రెండో అలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఒక మూలికా మందు కోసం జనం వేలల్లో చేరినప్పుడు మాత్రం రంగు చుక్క లాంటిది ఎవరి దగ్గరా లేదు. మందు వేసుకున్నాక కోలుకున్నారు అంటే మందు వల్లే కోలుకున్నారా అన్న ప్రశ్నకు జవాబు, మందు వేసుకోని మరో గుంపును పక్కన పెట్టి చూస్తేనే తేలుతుంది. తెలుగులో వైద్యపరీక్షల తర్కం మీద చదవదగిన పుస్తకం కోసం వెతికితే చేతికి తగిలేవి తక్కువ. మన రచయితలు నక్షత్రాల గురించి రాసినంత ఇష్టంగా మందుల పరీక్షల గురించి రాయలేదు.

హేతువాదుల ధోరణి వేరు. వృక్షశాస్త్రం బోధించిన గోపరాజు రామచంద్రరావు (గోరా) 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు, అది తర్వాత విజయవాడకు మారింది. నిప్పుల మీద నడిచి చూపించి, ఇందులో మహిమ లేదు, బొగ్గు వేడిని పాదానికి నెమ్మదిగా అందిస్తుంది అని చెప్పడం వారి ప్రదర్శనల్లో ఒకటి. గోరా కుమారుడు డాక్టర్ సమరం పత్రికల్లో ప్రశ్న-జవాబు పద్ధతిలో ఆరోగ్యం, లైంగిక విజ్ఞానం చెప్పి పెద్ద పాఠకలోకాన్ని సంపాదించారు. సిగ్గుపడి వైద్యుణ్ణి అడగలేనివారు పోస్టుకార్డు రాశారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెచ్చిన 'వైద్యుడు లేని చోట', స్త్రీల ఆరోగ్యంపై స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' కూడా ఈ కోవలోవే.

ఎదురుగాలి కూడా కథ రూపంలోనే వీచింది. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' నవల చేతబడికీ, వైద్యానికీ సమానంగా చోటిచ్చి ఉత్కంఠగా నడిచింది, విపరీతంగా అమ్ముడైంది. రంగనాయకమ్మ దాన్ని గంజాయి దమ్ముతో పోలుస్తూ ఒక పుస్తకమే రాశారు. తెలంగాణ పల్లెల్లో బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల పళ్ళు ఊడగొట్టిన రోజులవి కాబట్టి ఆ కోపానికి కారణముంది. అయినా ఒక నిజం ఒప్పుకోవాలి. చదువరి పేజీ తిప్పకుండా ఉండలేని నవల రాయగల నేర్పు ఆ రోజుల్లో హేతువాద శిబిరంలో ఎవరూ చూపలేదు.

ఊళ్ళలోకి

1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక పుస్తకంతో సరిపెట్టుకోలేదు. పిల్లల మాసపత్రిక 'చెకుముకి' తెచ్చింది, బడుల్లో చెకుముకి సంబరాలు నడిపింది, కళాజాతాలు కట్టింది. మృగశిర కార్తె నాడు హైదరాబాదులో ఇచ్చే చేపమందును ప్రశ్నించింది. ఆ గొడవ ముదిరాక అది ఎక్కువగా చేప ప్రసాదం అనే పేరుతో వినిపిస్తోంది. మందు అంటే పరీక్షకు నిలవాలి, ప్రసాదానికి ఆ బాధ లేదు. ఒక్క మాట మారడంలో వాదమంతా దాగి ఉంది.

కళాజాతాలు తీసుకున్న పాత రూపాల్లో బుర్రకథ ముఖ్యమైనది. దాని కట్టుబడిలోనే ఒక విశేషం ఉంది. తంబురా పట్టుకున్న కథకుడికి అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యం, ఇంకొకరు రాజకీయం. కథకుడు చెప్పుకుపోతుంటే హాస్యగాడు అడ్డు తగులుతాడు, తెలియనివాడిలా అడుగుతాడు, ఒక్కోసారి కథకుడినే ఇరకాటంలో పెడతాడు. హరికథలో దాసుగారు ఒక్కరే, ఆయన మాటకు ఎదురు లేదు. బుర్రకథలో ప్రశ్న వేసేవాడికి జీతమిచ్చి పక్కన నిలబెట్టుకున్నట్లే. తెలుగు సైన్సు వ్యాసం చాలావరకు హరికథ పద్ధతిలోనే నడిచింది.

1990 దశకం మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో సాక్షరతా ఉద్యమం సాగింది. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు అందులో చురుగ్గా పనిచేశారు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది: సారా తాగే భర్త వల్ల ఛిద్రమైన ఒక ఆడమనిషి బతుకు. పాఠం సారా మానండని చెప్పలేదు, అక్షరాలు నేర్పడానికి ఉద్దేశించింది. రాత్రిబడిలో ఆ పాఠం చదివిన, ఆ జిల్లాలోని దూబగుంట ఊరి స్త్రీలు ఇది మన కథే అనుకున్నారు. సీతమ్మ బతుకు ఇలా కావడానికి కారణమెవరు, మగడు కూలి డబ్బు సారా దుకాణంలో పెడితే ఆ దుకాణం ఇక్కడ ఎందుకుంది, దాన్ని పాడుకున్నదెవరు అని ప్రశ్న మీద ప్రశ్న వేసుకున్నారు. ఊళ్ళోకి సారా రానివ్వలేదు. ఆ సంగతే ఆడవాళ్ళు ఏకమైతే అనే పేరుతో తర్వాతి వాచకంలో పాఠమై పక్క ఊళ్ళకు వెళ్ళింది, అక్కడివాళ్ళూ అదే చేశారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, రెండేళ్ళకే అది సడలింది. పాఠానికి దూబగుంట స్త్రీలు జోడించినవి ఆ ప్రశ్నలే.